పత్రికకు పది పాయింట్లు

జులై 7

చిన్న సేటు ఈరోజు మా అందరికీ ఇంటిపని ఇచ్చాడు. రోజూ పని అయ్యాక, ఆ పనిలో ఏది సంతోషం ఇచ్చిందో ఒక ముక్క రాసుకోవాలట. అలా రాస్తే పని మీద ఉత్సాహం పెరుగుతుందట. ఎవరికీ చూపించనక్కర్లేదన్నాడు కాబట్టి రాస్తున్నాను.

ఈరోజు ఏదీ సంతోషం ఇవ్వలేదు.

జులై 8

ఈరోజు కూడా.

జులై 10

షట్టర్ ఎత్తకముందు మాకు క్లాసు. చిన్న సేటు అంటే మా కాశీనాథం సేటు కొడుకు శ్రీవర్ధన్. హైదరాబాద్‌లో ఎంబీఏ చేసి వచ్చాడు. స్టాక్ రూంలో తెల్లబోర్డు నిలబెట్టి, మనిషి పని ఎందుకు చేస్తాడో మాకు చెబుతున్నాడు. చేసేది మేము, ఎందుకు చేస్తున్నామో తెలిసింది ఆయనకు.

ముందు ఒక్కొక్కరినీ లేచి తమ గురించి చెప్పమన్నాడు. నా వంతు వచ్చినప్పుడు "స్వరాజ్యలక్ష్మి, పట్టు చీరలు" అని కూర్చున్నాను. ఇంకేం చెప్పాలి? సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఈ దుకాణం ఒక్క గదిగా ఉన్నప్పుడు చిన్న సేటు నిక్కరు వేసుకొచ్చి చీరలు పరిచే నా పరుపు మీద నిద్రపోయేవాడని చెప్పాలా? నా తర్వాత రుచిత లేచింది. మిరుదొడ్డి పిల్ల. డిగ్రీ చదివింది, ఎండాకాలంలో చేరింది. "పట్టు చీరల కాడ స్వరాజ్యక్క దగ్గర పని నేర్చుకుంటున్న సార్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దానికి ఏమీ నేర్పలేదు. కొలత టేపు ఎక్కడుందో చెప్పానంతే.

తర్వాత బోర్డు మీద త్రికోణం గీశాడు. అడుగున తిండీ నిద్రా. దాని మీద భద్రత. ఆ పైన నలుగురిలో కలిసి ఉండడం. ఆ పైన గౌరవం. కొసన మనిషి తాను ఏం కాగలడో అది కావడం. కింది మెట్టు నిండితే గానీ పై మెట్టు మీద మనసు పోదట. "మీరు ఏ మెట్టు మీద ఉన్నరో ఆలోచించుకోండి" అన్నాడు. నేను టిఫిన్ చేయకుండా వచ్చాను. అడుగునే ఉన్నాను.

రుచిత మొదటి వరసలో కూర్చుని అంతా రాసుకుంది.

జులై 14

పై అంతస్తులో వడ్రంగులు పని చేస్తున్నారు. అక్కడ పెళ్లి బట్టలకే ఒక ఫ్లోర్ వస్తుంది. దానికి ఒక ఇన్‌ఛార్జి ఉంటుంది. స్లాబ్ వేసిన రోజు పెద్ద సేటు కాశీనాథం గారు నలుగురూ వింటుండగా "గా జాగ నీదే స్వరాజ్యం" అన్నాడు. ఇప్పుడు చిన్న సేటు "పద్ధతి ప్రకారం ఎంపిక ఉంటది, కార్తీకంల చెప్తా" అంటున్నాడు. పెద్ద సేటు పక్కనే ఉండి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

నాకేం భయం లేదు. ఆ ఫ్లోర్‌కు నేను కాక ఎవరున్నారు?

జులై 21

స్టూళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళూ పొద్దుటి నుంచి రాత్రి వరకూ నిలబడే ఉన్నాం. ఇప్పుడు గిరాకీ లేనప్పుడు కూర్చోవచ్చు. అయితే ఇది ఉత్సాహం కాదట. స్టూలు, ఫ్యాను, మంచినీళ్ళు లేకపోతే మనిషి గొణుగుతాడు, ఉంటే గొణగడం మానేస్తాడు, అంతేనట. నిజమైన ఉత్సాహం గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి వస్తుందట. అందుకని నెలనెలా ఒకరి ఫొటో మెట్ల దగ్గర పెడతారు, స్టార్ అని.

నా మోకాళ్ళు ఈ సిద్ధాంతం ఒప్పుకోలేదు. వాటికి స్టూలే బోలెడు ఉత్సాహం ఇచ్చింది.

ఆగస్టు 1

ఫొటో రుచితది పెట్టారు.

ఆగస్టు 2

నాకేం కుళ్ళు లేదు. ఫొటోలో కళ్ళు మూసుకుంది అది, అంతే చెప్తున్నాను.

ఆగస్టు 8

శ్రావణం. లగ్గాల గిరాకీ.

ఈరోజు చేర్యాల నుంచి సుమిత్రమ్మ వాళ్ళు వచ్చారు. ఇంటిల్లిపాదీ జీపు దిగారు. పెద్దబిడ్డ పెళ్లికి చీర తీసింది నేను. ఆవిడ ఆడబిడ్డ పెళ్లికి తీసింది నేను. చిన్నబిడ్డ లగ్గం కుదిరిందని నాకు ముందే తెలుసు, ఆ పిల్ల చామనఛాయకు ఏ ఎరుపు నప్పుతుందో కూడా అనుకుని పక్కన పెట్టాను. స్టూలు మీద నుంచి లేచి కొంగు సవరించుకుని నిలబడ్డాను.

సుమిత్రమ్మ నన్ను చూసి నవ్వింది. "మంచిగున్నవా స్వరాజ్యం?" అంది. ఆ తర్వాత నా భుజం మీదుగా చూసి "మొన్న మా మరదలికి చీర తీసిన పిల్లేది? సన్నగుంటది, మిరుదొడ్డి పిల్ల. మా బిడ్డ గామెనే కావాలంటున్నది" అంది.

"రుచితా, నీకు గిరాకీ" అని నేనే పిలిచాను. నా గొంతు బాగానే వచ్చింది.

పెళ్లికూతురి చీరకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చీర ఎవరు తీస్తే వాళ్ళే మొదటి మడత విప్పి పెళ్లిపిల్ల భుజం మీద వేయాలి. అద్దంలో పిల్ల నవ్వితే, వాళ్ళే చీర అంచుకు కుంకుమ బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే బిల్లు. తీసిన చేయి మంచిదనుకున్నవాళ్ళు లగ్గం పత్రిక అచ్చయ్యాక మళ్ళీ వస్తారు. దేవుడికి ఒకటి, మేనమామలకు ఒకటి, చీర తీసిన నాకు ఒకటి. నాలుగు మూలలా పసుపు రాసి నా చేతిలో పెడతారు. నా కౌంటర్ పక్కన చెక్కబోర్డు ఉంది. ఆ పత్రికలన్నీ దాని మీదే ఉంటాయి. ఎవరూ కొట్టమనలేదు ఆ బోర్డు. మా ఆయన చేత నేనే కొట్టించుకున్నాను.

రుచిత మడత విప్పుతుంటే నేను పక్క బీరువాలో చీరలు సర్దుతున్నట్టు నిలబడ్డాను. చేయి తేలిగ్గా ఉంది దానిది. నేను తీసే పద్ధతే. అంచు ముందు చూపించి, కొంగు తర్వాత విప్పి, చివరికి ఒళ్ళంతా పరవడం. నేను నేర్పలేదు. చూసి నేర్చుకుంది. అడగకుండా చూసి నేర్చుకోవడాన్ని ఏమంటారో ఆ బోర్డు మీద రాయలేదు చిన్న సేటు.

ఆగస్టు 13

సుమిత్రమ్మ పత్రిక తెచ్చింది. రుచిత చేతిలో పెట్టింది. అది తీసుకుని నా దగ్గరికొచ్చి "అక్కా, బోర్డు మీద జర జాగ ఉన్నదా?" అని అడిగింది.

లేదన్నాను.

ఆగస్టు 14

ఈరోజు క్లాసులో విన్నది. మనిషి తనకెంత దక్కిందని లెక్క చూసుకోడట, పక్కవాడికెంత దక్కిందో చూస్తాడట. తన కష్టాన్నీ ఫలితాన్నీ ఒకవైపు, పక్కవాడివి ఇంకోవైపు పెట్టుకుని తూస్తాడట. తూకం తేడా వస్తే పని తగ్గిస్తాడు, లేదా అలుగుతాడు, లేదా పక్కవాడిని కిందికి లాగుతాడు. చిన్న సేటు నన్నే చూస్తూ చెప్పాడు.

లేదు, నా వెనక గడియారం ఉంది. అది చూశాడు.

ఆగస్టు 19

గద్వాల్ నుంచి పట్టు చీరల మూట వచ్చింది. విప్పుతుంటే ఒకటి తగిలింది. ముదురు వంకాయ రంగు, పసుపుకొమ్ము రంగు అంచు, ఒంటి మీద సన్న బుటాలు. ఏ చీర చూసినా ఇది ఎవరి ఒంటిదో నాకు తెలిసిపోతుంది, పాత జబ్బు. ఈ చీర చూడగానే రుచిత కళ్ళ ముందుకొచ్చింది. దాని ఛాయకు, దాని పొడుగుకు ఇంతకన్నా మంచిది నేసేవాళ్ళు లేరు.

ఒళ్ళు మండింది. చీరను మడిచి అడుగు అరలో, పాత స్టాకు కింద పెట్టాను.

ఆగస్టు 22

మా ఆయన పర్శరాములు ఆర్టీసీలో డ్రైవరు, చేర్యాల బండి. అన్నం తింటూ అన్నాడు, "నీ దుకాణంల ఇంకెవలు పని చేస్తలేరా? గా పిల్ల ముచ్చటే చెప్తవు. ఆమె డబ్బల ఏం కూర తెచ్చిందో గది గూడ నాకు ఎరుకైంది."

"ఏం కూర?" అన్నాను.

"చిక్కుడుకాయ" అన్నాడు.

నిజమే, చిక్కుడుకాయే. నేను చెప్పిన గుర్తు కూడా లేదు.

ఆగస్టు 26

ఉత్సాహానికి మూడు లంకెలట. కష్టపడితే పని అవుతుందని నమ్మాలి. పని అయితే ఫలితం వస్తుందని నమ్మాలి. ఆ ఫలితం మనకు కావలసినదై ఉండాలి. ఒక్క లంకె తెగినా మనిషి చతికిలబడతాడు.

వినగానే నాకొక ఆలోచన వచ్చింది. సెక్షన్‌లో ఎవరికి ఏ గిరాకీ ఇవ్వాలో చెప్పేది నేనే. అన్నీ విప్పించి, అన్నిటికీ వంకపెట్టి, "మళ్ళొస్తం" అని వెళ్ళేవాళ్ళు కొందరుంటారు. ముఖం చూస్తేనే చెప్పగలను. వాళ్ళందరినీ రుచితకే పంపాను. మొదటి లంకె తెగుతుందని.

సెప్టెంబర్ 3

తెగలేదు. వాళ్ళు కొంటున్నారు.

బ్యాంకు మేనేజరు భార్య, ఇన్నేళ్ళలో ఒక్క రుమాలు కొనలేదు మా దగ్గర. ఈరోజు రెండు చీరలు తీసుకుని "ఈ పిల్ల ఇసుక్కోదు" అని చెప్పి మరీ వెళ్ళింది. నా వైపు చూస్తూ చెప్పింది. ఈసారి నా వెనక గడియారం లేదు.

సెప్టెంబర్ 9

ఇది నాకు నచ్చిన క్లాసు.

ఎక్కడో బడిపిల్లలు ఇష్టంగా బొమ్మలు వేసుకుంటున్నారట. వేస్తే బహుమతి ఇస్తామని మొదలుపెట్టారట. కొన్నాళ్ళకు బహుమతి ఆపేస్తే పిల్లలు బొమ్మలు వేయడం తగ్గించేశారట. ఇష్టంతో చేసే పనికి బయటి నుంచి కూలి కడితే లోపలి ఇష్టం చచ్చిపోతుందన్నాడు చిన్న సేటు. నేను మొదటిసారి పెన్ను అడిగి తీసుకుని రాసుకున్నాను. ఆయన మురిసిపోయాడు.

సెప్టెంబర్ 10

రుచితకు లగ్గం పత్రికలంటే ప్రాణం. నా బోర్డు మీద జాగ లేదన్నానని, వచ్చిన పత్రికలు సంచిలో పెట్టుకుని మిరుదొడ్డి తీసుకెళ్ళి వాళ్ళ అమ్మకు చూపిస్తుందట. ప్రసూన చెప్పింది. ప్రసూన కింద డ్రెస్ మెటీరియల్ కౌంటర్ చూస్తుంది, అందరి ముచ్చట్లూ దానికి తెలుసు.

ప్రాణం కదా. సరే.

సెప్టెంబర్ 11

చిన్న సేటు దగ్గరికి నేనే వెళ్ళాను. "స్టార్‌ను మీరు బిల్లు చూసి పెడుతున్నరు. బిల్లుల మనసేం కనవడతది సారూ? గిరాకీ మనసు పత్రికల ఉంటది. పత్రికకు ఇన్ని పాయింట్లు అని పెట్టున్రి. ఎవలకు ఎక్కువొస్తే వాళ్ళకు గిఫ్టు ఇయ్యున్రి" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అక్కా, గిది నాకెందుకు తట్టలే? కస్టమర్ సంతోషాన్ని కొలిచే మార్గం ఇది" అన్నాడు. మొన్న తాను చెప్పిన పాఠం ఆయనకే గుర్తు లేదు. పత్రికకు పది పాయింట్లు. పెళ్లి ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఎంపికకు కూడా వాటినే చూస్తాడట.

ఈరోజు పనిలో సంతోషం ఇచ్చింది: ఇది.

సెప్టెంబర్ 24

బతుకమ్మ గిరాకీ. ఊపిరాడటం లేదు. రుచిత ఎవరినీ పత్రిక అడగడం లేదు. ప్రసూన అందరినీ అడుగుతోంది. ఓణీ కొన్నవాళ్ళని కూడా "మీ ఇంట్ల లగ్గమేమన్న ఉన్నదా" అంటోంది.

అక్టోబర్ 1

ఈ నెల ఫొటో ప్రసూనది. రుచిత ముఖం చిన్నబోయింది. మధ్యాహ్నం అన్నం సగంలో డబ్బా మూసేసింది. నేను చూశాను. బెండకాయ.

సంతోషంగానే ఉంది నాకు.

అక్టోబర్ 10

మెట్ల దగ్గర అట్టపెట్టె పెట్టారు, పత్రికలు వేయడానికి. దసరా తర్వాత లగ్గాల పనులు మొదలయ్యాయి కదా, రోజూ నిండుతోంది. ఒకే పెళ్లి పత్రికను ఇద్దరు తమదంటే తమదని కొట్లాడుకున్నారు. ప్రసూన ఫోన్లో వచ్చిన పత్రికలను కూడా జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించి వేస్తోంది. చిన్న సేటు నా బోర్డు మీది పాతవన్నీ ఊడదీయించాడు. కొత్తగా మొదలుపెడదాం, అందరూ సమానం అన్నాడు.

బోర్డు మీద మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయి.

అక్టోబర్ 16

భార్యాభర్తలిద్దరు పత్రిక తెచ్చారు. బిడ్డ చీర వేసవిలో నేనే తీశాను, ఆకుపచ్చకు ఎర్ర అంచు. ఆ తల్లి పత్రిక నా చేతికి ఇస్తూ అడిగింది, "పాయింట్లకేనా అక్కా? కింద డబ్బల ఏసిపోవాల్నా?"

చేయి చాపి ఉన్నాను, అలాగే ఉండిపోయాను. పత్రిక మూలలకు పసుపు లేదు. ఎలాగూ డబ్బాలో వేసేదే కదా అనుకున్నట్టున్నారు.

అక్టోబర్ 17

నాకేమీ బాగా లేదు. బీపీ చూపించుకోవాలి.

అక్టోబర్ 25

పెద్ద సేటు అందరినీ స్టాక్ రూంకు పిలిచాడు. తెల్లబోర్డు గోడ వైపు తిప్పి ఉంది. చేర్యాల సుమిత్రమ్మ ఆయనకు ఫోన్ చేసి దులిపేసిందట.

"ఏమన్నదో చెప్తా ఇనున్రి" అన్నాడు పెద్ద సేటు. "'ఇన్నొద్దులు ప్రేమతోని ఇస్తుంటిమి సేటూ. ఇప్పుడు మీ పిల్లలు కరెంటు బిల్లు అడిగినట్టు అడుగుతున్నరు. ఇంకోపాలి మీ దుకాణం మెట్లు ఎక్క' అన్నది. నా జన్మల గింత మాట పడలే. ఎవల తెలివి ఇది?"

చిన్న సేటు తలవంచుకుని "స్వరాజ్యక్క చెప్పింది బాపూ. నాకు మంచిగనిపించింది" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. అంతలో వెనక నుంచి రుచిత అంది, "అక్క మంచికే చెప్పింది సేటూ. పత్రిక విలువ అందరికి తెలవాలని చెప్పింది. మేమే దాన్ని ఖరాబు చేసుకున్నం."

పెద్ద సేటు చల్లబడ్డాడు. పాయింట్లు బంద్ అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

రుచిత మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తిట్లు నేను పడేదాన్ని. నా తిట్లు కూడా నాకు దక్కకుండా చేసింది.

నవంబర్ 3

పెళ్లి ఫ్లోర్ ఇన్‌ఛార్జి రుచిత.

నవంబర్ 4

రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 6

పెద్ద సేటు దగ్గరికి వెళ్ళి అడిగేశాను. "గా జాగ నాదే అన్నవు సేటూ" అన్నాను.

ఆయన కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. "అన్న మాట నిజమే" అని ఒప్పుకున్నాడు. "స్వరాజ్యం, ఈ జిల్లాల నీ లెక్క చీర తెలిసినోళ్ళు లేరు. పైన ఎనిమిది మంది పిల్లలు పని నేర్వాలె. ఇన్నేండ్ల సంది నీ పక్కన ఎంతమంది చేసి పోయిన్రు, ఒక్కలకన్న మడత విప్పుడు చెప్పినవా? నువ్వు చీర విప్పంగ ఎవలన్న చూస్తే వీపు మర్లేసి నిలవడ్తవు. నేను గల్లా కాడికెంచి చూస్తుంట."

నేను అలా నిలబడతానా? నాకు తెలియదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన "నాకు గూడ నువ్వు పప్పు ఎట్ల తాలింపు పెడ్తవో చూడనియ్యవు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 11

రుచిత లగ్గం కుదిరిందట. ప్రసూన చెప్పగానే నా మొదటి ఆలోచన ఏంటంటే, మానేస్తుందని. ఆ పూట భలే తేలిగ్గా పని చేశాను. సాయంత్రానికి తెలిసింది, పిల్లగాడిది సిద్దిపేటేనట. కోమటి చెరువు దగ్గర ఇల్లు. దుకాణానికి నడిచి రావచ్చు.

నవంబర్ 12

రుచిత వచ్చి నా కౌంటర్ ముందు నిలబడింది. "అక్కా, ఆదివారం మా అవ్వను తీస్కొస్త. నా చీర నువ్వే తియ్యాలె" అంది.

"పైన ఫ్లోర్ నీదే కదా. నీ పిల్లలు తీస్తరు" అన్నాను.

"నువ్వే తియ్యాలె" అని మళ్ళీ అంది.

నవంబర్ 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రుచిత వాళ్ళ అమ్మ పోశమ్మ వచ్చింది. పొలం పని చేసే చేతులు. చీర ముట్టుకోవడానికి భయపడి కొంగుకు చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. రుచిత నా ముందు గిరాకీలా కూర్చుంది. ఎప్పుడూ నా పక్కన నిలబడే పిల్లను ఎదురుగా చూడటం కొత్తగా ఉంది.

ఎరుపులు తీశాను. ఆకుపచ్చలు తీశాను. అడుగు అర వైపు వెళ్ళలేదు. నా మోకాళ్ళు వంగవు, అందుకని వెళ్ళలేదు. అలా అనుకున్నాను. చివరికి ఉల్లిపొర రంగు చీర ఒకటి విప్పాను. ఈ మధ్య అందరూ అదే అడుగుతున్నారు. తెల్లటి పిల్లలకు బాగుంటుంది. రుచిత భుజం మీద వేశాను. అద్దంలో దాని ముఖం దీపం తగ్గించినట్టు అయిపోయింది. నాకు ముందే తెలుసు అలా అవుతుందని.

పోశమ్మ సందేహంగా "జర పాలిపోయినట్టు లేదా బిడ్డా?" అంది.

రుచిత అద్దంలో నుంచి నన్ను చూసింది. పని తెలిసిన పిల్ల. దానికి కనపడదా? "గిదేనా అక్కా?" అని అడిగింది.

"గిదే" అన్నాను. "ఇప్పుడు గిదే నడుస్తున్నది."

"అయితే గిదే" అంది అది. ఇంకో చీర చూపించమనలేదు.

కుంకుమ భరిణె మూత తీశాను. వేలు ముంచాను. అప్పుడు పోశమ్మ మళ్ళీ చిన్నగా ఏదో అంది. రుచిత తల్లి చెవి దగ్గర వంగి చెప్పింది. చెవి దగ్గరే చెప్పింది కానీ నాకు వినపడింది. "అక్కకు నా మీద కోపమున్నది అవ్వా. మనుషుల తోని ఎట్లనన్న ఉంటది. చీర కాడ మాత్రం అబద్ధమాడదు."

నా వేలు కుంకుమలోనే ఉంది. ఇంకొక క్షణం గడిస్తే బొట్టు పడేది, చీర దాని ఒంటి మీదికి పోయేది, లగ్గం నాడు మిరుదొడ్డి అంతా ఆ వెలవెలపోయిన ముఖం చూసేది. నేనూ చూసేదాన్ని. అదే కదా నాకు కావలసింది జులై నుంచీ.

"ఆగు" అన్నాను.

వంగాను. మోకాలు కలుక్కుమంది. అడుగు అరలో పాత స్టాకు పక్కకు నెట్టి వంకాయ రంగు చీర బయటికి లాగాను. అంచు ముందు చూపించాను. కొంగు తర్వాత. పై ఫ్లోర్‌లో చేరిన కొత్త పిల్లలు ఇద్దరు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. వీపు తిప్పబోయి, తెలిసి ఆగిపోయాను. వాళ్ళకు కనపడేటట్టు పక్కకు జరిగి మొదటి మడత విప్పాను, దాని భుజం మీద వేశాను.

పోశమ్మ చేతులు తుడుచుకోవడం మానేసింది. "ఓ బిడ్డా" అంది, అంతే.

రుచిత అద్దంలో తనను తాను చూసుకుంది. నవ్వలేదు ముందు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నవ్వింది. ఎంత బాగుందో రాయాలని లేదు. ఆ వయసులో నా లగ్గానికి నాకు ఎవరూ ఇట్లా చీర తీయలేదు. వంకాయ రంగు నాకూ నప్పేది.

అంచుకు బొట్టు పెట్టాను. "గీ చీర ఎప్పుడొచ్చిందక్కా? నేను చూడనేలేదు" అంది.

"శ్రావణంల వచ్చింది. నీ కోసం తీసిపెట్టిన" అన్నాను.

అబద్ధమో కాదో నాకే తెలియడం లేదు.

నవంబర్ 18

చిన్న సేటు మళ్ళీ క్లాసులు పెడతానన్నాడు. ఈసారి నన్నే చెప్పమంటున్నాడు, మడత విప్పడం గురించి. బోర్డు మీద త్రికోణం గీయమన్నా గీయను. చీర తెచ్చుకుంటానన్నాను.

నవంబర్ 21

రుచిత పత్రిక తెచ్చింది. నాలుగు మూలలా పసుపు. నా చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. వద్దంటున్నా వినలేదు. బోర్డు ఖాళీగా ఉంది కదా, నడిమధ్యలో కొట్టాను. మేకు వంకరపోయింది, రుచిత చేతికే సుత్తి ఇచ్చి సరిచేయమన్నాను.

లగ్గం నాడు మిరుదొడ్డికి పొద్దున బండికే పోతాను. మా ఆయన సెలవు పెట్టాడు. ఆ చీరలో దాన్ని చూసి నేను కుళ్ళుకుంటాను, ఆ సంగతి నాకు తెలుసు, ఇక్కడ దాచడం దేనికి. అన్నం తిన్నాక అందరూ లేచి వెళ్ళిపోతారు. నేను లేవను. చీర ఎవరు తీశారని ఎవరో ఒకరు అడిగేదాకా అక్కడే కూర్చుంటాను.